వెనక నుంచి నెట్టే ఇంజను

ఊటీ రైలుని 'బొమ్మరైలు' అని మొదట అన్నవాళ్ళెవరో గానీ, ఆ మాట ఇంతకాలం నిలుస్తుందని వాళ్ళు కూడా అనుకుని ఉండరు. వేసవి వచ్చిందంటే మన పత్రికల ఆదివారం అనుబంధాల్లో ఈ రైలు మీద ఒక వ్యాసం తప్పదు. నీలం రంగు పెట్టెలు, తేయాకు తోటలు, మంచు తెరలు, మధ్యలో ఎక్కడో 'టాయ్ ట్రైన్' అనే మాట. తమిళులు దీన్ని 'మలై రయిల్' అంటారు, కొండరైలు అని. వాళ్ళ మాటలో కొండ ఉంది, కొండ ఎక్కే కష్టం ఉంది. మనం ఎరువు తెచ్చుకున్న మాటలో ఆట ఒక్కటే ఉంది.

అసలు ఈ పేరు డార్జిలింగ్ రైలుది. అక్కడ పట్టాల మధ్య దూరం రెండడుగులు. దాన్ని ముద్దుగా అలా పిలవడంలో కొంతైనా అర్థం ఉంది. నీలగిరి లైను మీటరుగేజి. గుంతకల్లు నుంచి హుబ్లీ వెళ్ళిన రైలు, సికింద్రాబాదు నుంచి నాందేడు మీదుగా మన్మాడు వెళ్ళిన రైలు, పాకాల నుంచి ధర్మవరం వెళ్ళిన రైలు ఏ గేజి మీద నడిచాయో ఇదీ అదే గేజి. బళ్ళారిలోనో హోస్పేటలోనో నాందేడులోనో పెరిగిన మన పాఠకుల్లో పెద్దవాళ్ళు పెళ్ళిళ్ళకీ పరీక్షలకీ ఉద్యోగాలకీ చావులకీ ప్రయాణం చేసింది ఆ గేజి మీదే. 1990ల నుంచి ఆ లైన్లు ఒక్కొక్కటే బ్రాడ్‌గేజిగా మారిపోయాయి. నీలగిరి రైలు బొమ్మ అయితే అవన్నీ బొమ్మలే అవ్వాలి. 1900లో మొదలై వందేళ్ళకి పైగా నడిచిన నౌపడా, పర్లాకిమిడి లైను సంగతి ఇక చెప్పక్కర్లేదు, అది రెండున్నర అడుగులే. (యానాం పాఠకులు మన్నించాలి. వాళ్ళ ఊరికి ఏ గేజీ రాలేదు.)

ఈ వ్యాసం ఆ రైలుని నడిపే ఇంజను గురించి. రైల్వే లెక్కల్లో దాని పేరు 'ఎక్స్' తరగతి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ ఇంజను గురించి మనకి అందిన కథనాల గురించి. దాన్ని గురించి ఇంగ్లీషులో చాలా రాశారు, సినిమాల్లో చాలా చూపించారు, ప్రపంచ వారసత్వ జాబితాలో దాని లైనుకి చోటిచ్చారు. ఇంత జరిగినా అది చేసే పని ఏమిటో ఎవరూ సూటిగా చెప్పలేదని నా ఫిర్యాదు. పొగగొట్టం దగ్గర మొదలుపెట్టి పొగగొట్టం దగ్గరే ఆగిపోయారు. ఈ ఇంజను కథని బ్రేకుల దగ్గర మొదలుపెట్టాలి.

ముందు కొంత చరిత్ర. ఉత్తర సర్కారుల నుంచి దత్తమండలాల దాకా మన జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1870 నుంచీ ఆ ప్రభుత్వానికి వేసవి రాజధాని ఉదకమండలం. ఏటా కొన్ని నెలలు గవర్నరూ ఆయన పరివారమూ ఫైళ్ళూ కొండ మీద. కింద ఎండలో ఉన్న గంజాము, కడప రైతుల అర్జీలు కూడా ఆ నెలల్లో ఆ కొండ ఎక్కవలసిందే. ఈ రైలు ఎవరి సౌకర్యం కోసం వచ్చిందో అందులో దాపరికం ఏమీ లేదు. రైలు వెయ్యాలనే ప్రతిపాదన 1854 నాటిది. పని మొదలైంది 1891లో. మధ్యలో 1882లో స్విట్జర్లాండు నుంచి నిక్లాస్ రిగ్గెన్‌బాక్ వచ్చి కొండని చూసి వెళ్ళాడు. 1871లో రీగి కొండ మీదికి పళ్ళపట్టా రైలు నడిపించినవాడు ఆయన. అయితే చివరికి నీలగిరిలో వేసింది ఆయన పద్ధతి కాదు, ఒకప్పుడు ఆయన దగ్గరే పనిచేసిన రోమన్ ఆబ్ట్ కనిపెట్టిన పద్ధతి. గురువుగారు వచ్చి చూసి వెళితే కాంట్రాక్టు శిష్యుడి పద్ధతికి దక్కింది. మొదట పెట్టిన కంపెనీ మధ్యలోనే దివాలా తీసింది. కొత్త కంపెనీ వచ్చి మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా 1899లో రైలు నడిపింది. ఊటీ దాకా చేరడానికి ఇంకో తొమ్మిదేళ్ళు, 1908. తర్వాత లైను సౌత్ ఇండియన్ రైల్వే చేతికి వచ్చింది.

మొదటి ఇంజన్లు మాంచెస్టరులో బేయర్ పీకాక్ వాళ్ళు చేసి పంపినవి. పెట్టెలు పెరిగేకొద్దీ వాటి శక్తి చాల్లేదు. అప్పుడు స్విట్జర్లాండులోని వింటర్‌తూర్ కార్ఖానాకి ఆర్డరు వెళ్ళింది. 1914లో మొదటి ఎక్స్ తరగతి ఇంజన్లు వచ్చాయి. 1925 దాకా 12, మళ్ళీ 1952లో 5. మొత్తం 17. ఈ 1952 అనే అంకె దగ్గర ఆగి ఆలోచించినవాళ్ళు నాకు కనబడలేదు. 1950లోనే చిత్తరంజన్‌లో మన సొంత ఆవిరి ఇంజను తయారై బయటికొచ్చింది. స్విస్ రైల్వేలు అప్పటికే చాలావరకు కరెంటు మీదికి మారాయి. అటువంటి సమయంలో స్వతంత్ర భారతదేశం, ఆవిరిని దాదాపు వదిలేసుకున్న దేశానికి వెళ్ళి, 1914 నాటి నమూనా మీదే ఇంకో అయిదు ఇంజన్లు చేసిమ్మని అడిగింది. దీన్ని వెనకబాటుతనం అనేవాళ్ళు ఉంటారు. నేననను. ఆ కొండకి అంతకంటే సరిపడే యంత్రం ఎవరి దగ్గరా సిద్ధంగా లేదు, అంతే. వలసపాలన కాలపు ఇంజను అని మనం ముద్ర వేసిన ఈ తరగతిలో దాదాపు మూడో వంతు ఆ పాలన పోయాక వచ్చినవి.

ఇప్పుడు పని దగ్గరికి వద్దాం. మామూలు రైలుకి నూరడుగుల దూరంలో ఒక అడుగు ఎత్తు పెరిగితేనే అది పెద్ద చడావు. కల్లార్ దాటాక ఈ లైను కొన్నిచోట్ల పన్నెండున్నర అడుగులకి ఒక అడుగు లేస్తుంది. అంత వాలులో ఇనప పట్టా మీద ఇనప చక్రం పట్టు దొరక్క జారిపోతుంది. అందుకని రెండు పట్టాల నడుమ ఇంకొకటి వేశారు, దానికి రంపానికున్నట్టు పళ్ళు. ఇంజను అడుగున ఉన్న పళ్ళచక్రాలు ఆ పళ్ళని పట్టుకుని ఎక్కుతాయి. ఆబ్ట్ చేసిన తెలివైన పని ఏమిటంటే, ఆ నడిమి పట్టాని ఒకటిగా కాక పక్కపక్కనే రెండు కడ్డీలుగా పెట్టి, ఒకదాని పన్ను ఉన్న చోట రెండోదానికి సందు వచ్చేలా అమర్చాడు. చక్రం ఒక పన్ను వదిలేలోపే రెండో వరసలోది అందుతుంది. పట్టు ఎప్పుడూ తెగదు, కుదుపు తగ్గుతుంది. కల్లార్ నుంచి కూనూరు దాకా సుమారు 20 కిలోమీటర్లు ఇలా పళ్ళ మీదే ప్రయాణం.

ఎక్స్ తరగతిలో చూడవలసింది ఆ పళ్ళని తిప్పే తీరు. ఇంజనుకి రెండు పక్కలా సిలిండర్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, మొత్తం నాలుగు. కింది జత మామూలు చక్రాలకి, పై జత పళ్ళచక్రాలకి. మెట్టుపాళయం నుంచి కల్లార్ దాకా నేల చదునుగా ఉన్నంతసేపు కింది జత ఒక్కటే పనిచేస్తుంది, వాడేసిన ఆవిరి అందరి ఇంజన్లలాగే గొట్టంలోంచి బయటికి పోతుంది. పళ్ళు మొదలయ్యే చోట ఆ ఆవిరిని బయటికి వదలరు, పై జతకి మళ్ళిస్తారు. ఒకసారి పనిచేసి అలసిన ఆవిరి రెండోసారి పనిచేస్తుంది. మన ఇళ్ళలో గంజి వార్చి పారబొయ్యకుండా పశువుల కుడితిలో కలిపిన పొదుపులాంటిదే ఇది. పైకడ్డీలు వడివడిగా, కిందివి నిదానంగా ఆడుతూ కనిపిస్తాయి. చూడ్డానికి రెండు యంత్రాలు ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కి నడుస్తున్నట్టు ఉంటుంది. నిజానికి అది రెండు యంత్రాలే. దీన్ని బొమ్మ అనడానికి మనసెలా వస్తుంది?

అయినా ఇది కూడా సగం సంగతే. మిగతా సగం రైల్లో ఇంజను ఉండే చోటు. మన పిల్లల్ని రైలు బొమ్మ గియ్యమంటే ముందు ఇంజను గీసి, దానికి పొగ పెట్టి, వెనక పెట్టెలు తగిలిస్తారు. ఈ కొండ మీద ఇంజను ఎప్పుడూ దిగువ కొసనే ఉంటుంది. ఎక్కేటప్పుడు లాగదు, వెనక నుంచి నెడుతుంది. కారణం సులువే. పెట్టెల మధ్య కొక్కెం తెగితే పెట్టెలు వచ్చి ఇంజను మీద ఆగాలి గానీ లోయలోకి పోకూడదు. ఫలితం ఏమిటంటే, ఎక్కేటప్పుడు డ్రైవరుకి ముందు దారి కనబడదు. ఎదురుగా పెట్టె గోడ, పక్కన కొండ, రెండో పక్కన లోయ. ప్రతి పెట్టె ముందు వసారాలాంటి చోట ఒక బ్రేక్‌మన్ చేతిబ్రేకు దగ్గర నిలబడి ఉంటాడు. మొదటి పెట్టె మీద ఉన్నవాడు దారిని చూస్తాడు. పచ్చజెండా, ఎర్రజెండా ఊపుతాడు. వెనకవాళ్ళు దాన్ని అందుకుంటారు. డ్రైవరు ఈలతో చెబితే అందరూ తమ తమ బ్రేకులు బిగిస్తారు, వదులుతారు. అంటే ఈ రైలుని ఒక డ్రైవరు నడపడు. కళ్ళు ఒకరివి, చేతులు పదిమందివి, బలం ఇంకెక్కడో అట్టడుగున.

దిగేటప్పుడు ఇంకో విడ్డూరం. అప్పుడు ఇంజను ముందుంటుంది, బరువంతా వెనక నుంచి తోసుకొస్తుంది. ఆ పూట ఇంజను పని లాగడమూ కాదు, నెట్టడమూ కాదు, ఆపి పట్టుకోవడం. సిలిండర్లలోకి ఆవిరి వెళ్ళదు, గాలి వెళుతుంది. చక్రాలు తిరిగి పిస్టన్లని ఆడిస్తాయి, పిస్టన్లు ఆ గాలిని అదిమి పడతాయి, ఆ అదుము బండి వేగాన్ని మింగుతుంది. మామూలుగా పిస్టను చక్రాన్ని తిప్పితే ఇక్కడ చక్రం పిస్టనుని తిప్పుతుంది. దీనికి తోడు పళ్ళచక్రాల మీద బ్రేకు, పెట్టెల మీద చేతిబ్రేకులు. 46 కిలోమీటర్లు ఎక్కడానికి అయిదు గంటలకి కొంచెం తక్కువ పడితే దిగడానికి మూడున్నర గంటల పైన పడుతుంది. ఎక్కడం కష్టమని అందరికీ తెలుసు. దిగడానికి కూడా అంతసేపు ఎందుకని అడిగినవాడికే ఈ ఇంజను అర్థమవుతుంది. కూనూరు తర్వాత పళ్ళపట్టా లేదు. ఆ పై భాగంలో ఇప్పుడు డీజిలు ఇంజను నడుస్తుంది, దాని గురించి నాకు చెప్పవలసింది ఏమీ లేదు.

ఇక కథనాల సంగతి. వీటిలో ముందు చెప్పుకోవలసింది ఇంగ్లీషులో రాసిన ఇంజను ప్రియుల పుస్తకాలు, వ్యాసాలు. వాళ్ళని తేలిగ్గా తీసెయ్యడం నాకిష్టం లేదు. ఏ ఇంజను ఏ ఏట తయారైంది, కార్ఖానా నంబరేమిటి, ఎప్పుడు పక్కన పెట్టారు, బాయిలరు ఎప్పుడు మార్చారు, ఇవన్నీ ఓపిగ్గా రాసి పెట్టకపోతే నేను పైన రాసిన అంకెల్లో సగం ఉండేవి కావు. మన ఊళ్ళ కైఫీయతులు రాసినవాళ్ళ ఓపికలాంటిదే అది. అయితే ఆ రాత ఒక వంశావళి. ఫలానా తండ్రికి ఫలానా కొడుకు. రాజుల వంశావళిలో ప్రజలు ఎలా కనబడరో ఇందులో మనుషులు అలా కనబడరు. ఇంజనుకి నంబరుంది, దాని బాయిలరుకి నంబరుంది, ముందు పెట్టె మీద జెండా పట్టుకుని నిలబడ్డవాడికి నంబరు కూడా లేదు. మామూలు ఇంజను విషయంలో ఇది లోపం అయితే ఈ ఇంజను విషయంలో తప్పే, ఎందుకంటే ఆ జెండా మనిషి లేకుండా ఈ యంత్రం గుడ్డిది. అతన్ని వదిలేసి రాసింది ఇంజను చరిత్ర కూడా కాదు, సగం ఇంజను చరిత్ర.

రెండోది వారసత్వం వాళ్ళ రాత. 2005లో యునెస్కో నీలగిరి లైనుని డార్జిలింగుతో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జాబితాలోని సంక్షిప్త వర్ణన చదివితే 1854 ప్రతిపాదన ఉంది, 1891, 1908 ఉన్నాయి, 326 మీటర్ల నుంచి 2,203 మీటర్లకి ఎక్కుతుందని ఉంది, ఆ కాలానికి అది సరికొత్త సాంకేతికత అని ఉంది. తప్పేమీ లేదు. గుర్తింపు రాకపోతే లైను బతికేది కాదేమో కూడా, ఏటా వానాకాలంలో కొండచరియలు విరిగి పట్టాల మీద పడే దారి అది, లెక్క చూసుకుంటే లాభం వచ్చేది కాదు. కానీ 'ఆ కాలానికి సరికొత్త' అన్న మాటతో ఒక తలుపు మూసుకుంటుంది. అప్పుడు కొత్తది, ఇప్పుడు పాతది, అందుకని కాపాడుదాం. మధ్యలో వందేళ్ళు రోజూ దాన్ని నడిపినవాళ్ళ నేర్పు ఎటు పోయింది? 1914లో స్విట్జర్లాండు వాళ్ళు పంపింది యంత్రాన్ని. వంకర దారిలో ఏ మలుపు దగ్గర ఎంత బ్రేకు బిగించాలో వాళ్ళు పంపలేదు. అది ఇక్కడ తయారైంది, ఇక్కడి చేతుల్లో.

మూడోది సినిమా. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మనలో ఎక్కువమంది ఈ ఇంజనుని చూసింది తెర మీదే. 1984లో డేవిడ్ లీన్ 'ఎ పాసేజ్ టు ఇండియా' తీశాడు. ఫోర్‌స్టర్ నవలలో గుహలు గంగాతీరం వైపున ఉంటాయి. సినిమాలో ఆ గుహలకి వెళ్ళే రైలు నీలగిరి రైలు. ఎక్కడి గంగ, ఎక్కడి కూనూరు? 1998లో మణిరత్నం 'దిల్ సే' లో, మనకి 'ప్రేమతో' గా వచ్చిన సినిమాలో, రైలు కప్పు మీద నాట్యం పాట కూడా ఈ లైను మీదే. కథ జరిగేది ఈశాన్యంలో, ఢిల్లీలో. ఆ పాట చిత్రీకరణ గొప్పదే, కాదనను. బండి మెల్లిగా పోవడం వల్లే కప్పు మీద అంతమంది నిలబడగలిగారు. కానీ ఆ రెండు సినిమాల్లోనూ ఈ రైలు ఊరు పేరు లేని రైలు. ఎక్కడి కథకైనా అరువిచ్చే సామాను. దానికి కొండ ఉంది గానీ జిల్లా లేదు.

వాటికంటే ముందే, 1982లో, బాలూ మహేంద్ర 'మూన్‌రామ్ పిరై' తీశాడు. మన 'వసంత కోకిల' అదే. ఆ సినిమాలో శ్రీను ఊరు కేత్తి, ఆఖరి దృశ్యం జరిగేది కేత్తి స్టేషనులోనే. రైలు దాని సొంత స్టేషనులో ఆగింది. జ్ఞాపకం తిరిగొచ్చిన అమ్మాయి పెట్టెలో కూర్చుని ఉంది. తనని పసిపిల్లలా సాకినవాడు ఆమెకిప్పుడు ఎవరో తెలియదు. అతను వానలో, బురదలో, దెబ్బ తగిలిన కాలు ఈడ్చుకుంటూ, ఇద్దరూ కలిసి ఆడుకున్న కోతిచేష్టలన్నీ మళ్ళీ చేసి చూపిస్తాడు, నెత్తిన కుండ పెట్టుకుని. ఆమె పిచ్చివాడో బిచ్చగాడో అనుకుంటుంది. ఈ దృశ్యంలో కమలహాసన్ నటన గురించి చాలా రాశారు, శ్రీదేవి గురించీ రాశారు. రైలు గురించి ఒక మాట నేను చేరుస్తాను. మామూలు ఎక్స్‌ప్రెస్ రైలైతే ఈ దృశ్యం ఉండదు. అది కూత వేసి రెండు నిమిషాల్లో వెళ్ళిపోతుంది, దుఃఖానికి వ్యవధి ఇవ్వదు. ఈ రైలుకి తొందరగా వెళ్ళిపోవడం చేతకాదు. మనిషి కుంటుకుంటూ పక్కన నడిస్తే అందుకోగలిగినంత వడితోనే అది కదులుతుంది. అందుకునే కొద్దీ ఆశ, ఆశ ఉన్నకొద్దీ నరకం. బాలూ మహేంద్ర తన సినిమాలకి తనే కెమెరా పట్టినవాడు. ఆ వేగం ఎంతో ఆయన కంటికి తెలుసు. ఈ రైలుని అందం కోసం కాక దాని స్వభావం కోసం వాడుకున్న సినిమా నాకు తెలిసి ఇదొక్కటే. తెలుగులో డబ్బింగై వచ్చినప్పుడు కూడా ఆ స్వభావం చెక్కు చెదరలేదు, రైలుకి డబ్బింగు అక్కర్లేదు కదా.

అయితే వసంత కోకిలలోనూ ఇంజను పనివాళ్ళు లేరు. అది ఆ సినిమా పని కాదు, అడగడం అన్యాయం. వాళ్ళని వెతకాలంటే కొండ దిగి తిరుచ్చి వెళ్ళాలి, పొన్మలైకి. ఇంగ్లీషులో గోల్డెన్ రాక్. సౌత్ ఇండియన్ రైల్వే తన పెద్ద వర్క్‌షాపుని నాగపట్నం నుంచి ఇక్కడికి మార్చింది 1928లో. ఆ ఏడే ఆ రైల్వేలో పెద్ద సమ్మె, సింగారవేలు చెట్టియార్ ముందు నిలిచిన సమ్మె. 1946 సెప్టెంబరులో ఇదే పొన్మలైలో సమ్మె కార్మికుల మీద కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. ఎక్స్ తరగతి ఇంజన్ల గురించి వచ్చిన రాతల్లో పొన్మలై పేరు 'మరమ్మతు చేసే చోటు' గానే వస్తుంది, ఈ రెండు సంవత్సరాలూ రావు. కార్మికోద్యమ చరిత్రల్లో ఈ రెండు సంవత్సరాలూ వస్తాయి, ఇంజను రాదు. ఒకే ఆవరణలో జరిగిన రెండు చరిత్రలు ఒకదాన్నొకటి ఎరగనట్టు ఉంటాయి.

దేశంలో మామూలు లైన్ల మీద ఆవిరి ఇంజన్లు 1990ల చివరికల్లా ఆగిపోయాయి. మిగిలినవి మ్యూజియం గుమ్మాల ముందుకి, పెద్ద స్టేషన్ల బయట దిమ్మెల మీదికి చేరాయి. రంగు వేసి, చుట్టూ గొలుసు కట్టి, బోర్డు పెట్టారు. ఎక్స్ తరగతికి ఇంకో రాత ఉంది. పాతవి అరిగిపోయాయి, విడిభాగాలు అమ్మేవాళ్ళు ప్రపంచంలో లేరు, కొండకి ఇంకో రకం ఇంజను పనికిరాదు. అప్పుడు పొన్మలై వాళ్ళు కొత్తవి చేశారు. 2011 నుంచి 2014 దాకా నూనెతో మండే ఇంజన్లు నాలుగు. 2021లో బొగ్గుతో మండేది. 1914 నాటి నమూనా, 2021 నాటి ఇంజను. ఒక ఆవిరి ఇంజను తరగతికి నూట ఏడేళ్ళ తర్వాత కొత్త బిడ్డ పుట్టడం ప్రపంచంలో ఎన్నిచోట్ల జరిగి ఉంటుంది?

పత్రికలు దీన్ని 'పూర్తి స్వదేశీ ఇంజను' అని రాశాయి. ఆ మాట కూడా నాకు మింగుడుపడదు. నమూనా వింటర్‌తూర్‌ది, పళ్ళపట్టా ఆబ్ట్‌ది, అది దాచి గర్వపడవలసిన పని లేదు. పొన్మలై వాళ్ళ గొప్పతనం వేరే చోట ఉంది. అరిగిన ముక్కని ముందు పెట్టుకుని, కొత్తగా ఉన్నప్పుడు దాని కొలత ఎంత ఉండి ఉంటుందో పట్టుకోవడం, దాన్ని మళ్ళీ పోత పొయ్యడం, నాలుగు సిలిండర్లకీ ఆవిరి సరిగ్గా పంచేలా కూర్చడం. ఇది నకలు కొట్టడం అనేవాళ్ళు ఒక్కసారి చేసి చూడాలి. నకలు కొట్టినవాడికి పైరూపం చాలు. వీళ్ళు చేసింది ఎనిమిది మైళ్ళ వేగంతో నిండు పెట్టెల్ని కొండ ఎక్కించి, అంతకంటే ముఖ్యంగా, దించవలసిన వస్తువు. తప్పు చేస్తే లోయ చెబుతుంది.

ఇక్కడ ఒక పక్కమాట. తిరుచ్చిలో, కోయంబత్తూరులో, మధురలో తరాలుగా ఉంటున్న మన ఇళ్ళకి హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో చుట్టాలు వస్తే, మన మాట విని 'మీ తెలుగు ఎంత ముచ్చటగా ఉందండీ' అంటారు. మెచ్చుకోలే, సందేహం లేదు. అయితే ఆ ముచ్చటకీ 'బొమ్మరైలు' లోని ముద్దుకీ చుట్టరికం ఉంది. మన ఇళ్ళలో ఆ తెలుగుతో బేరాలాడతారు, పోట్లాడతారు, జ్వరం వచ్చినవాడికి ధైర్యం చెబుతారు, శవం ముందు ఏడుస్తారు. అది పనిలో ఉన్న భాష. దిమ్మె మీద పెట్టిన ఇంజనుని చూసినట్టు దాన్ని చూస్తే మనకి కష్టంగా ఉంటుంది. ఈ రైలుని బొమ్మ అన్నప్పుడు నాకు కలిగే చిరాకులో కొంత భాగం ఇక్కడిది కూడా కావచ్చు, పాఠకులు ఆ మేరకు తగ్గించుకుని చదువుకోవచ్చు.

తెలుగులో ఈ ఇంజను మీద ఒక మంచి పుస్తకం రావాలంటే ఏం కావాలి? వింటర్‌తూర్ కార్ఖానా లెక్కలు ఇంగ్లీషులో, జర్మనులో ఉన్నాయి, ఎవరైనా తెచ్చుకోవచ్చు. లేనిది ఇంకోటి. ఈ యంత్రం భాగాలకి పనివాళ్ళు పెట్టుకున్న పేర్లు. ఏ వర్క్‌షాపులోనైనా ఇంగ్లీషు పేర్లు పనివాళ్ళ నోట్లో పడి నాని వేరే రూపం తీసుకుంటాయి, కొన్నిటికి వాళ్ళే కొత్త పేర్లు పెడతారు. పొన్మలైలో, గుంతకల్లులో, హుబ్లీలో రైల్వే కొలువు చేసి దిగిపోయిన తెలుగువాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళ పిల్లలు ఈ పత్రిక చదువుతూ ఉండవచ్చు. పెద్దవాళ్ళని కూర్చోబెట్టి ఆ మాటలు రాసుకోండి, పంపండి. నేను పైన 'పళ్ళపట్టా' అని, 'పళ్ళచక్రం' అని రాసుకుంటూ వచ్చాను. అవి బల్ల ముందు కూర్చుని అనుకున్న మాటలు, షెడ్డులో పుట్టినవి కావు. కల్లార్ దాటగానే ఇంజను పళ్ళని అందుకునే చోట స్ప్రింగుల మీద ఆడే ఒక ముక్క ఉంటుంది. అక్కడ డ్రైవరు వేగం తగ్గించి, పన్ను పన్నులో పడిందని ఒంటితోనే తెలుసుకుని, అప్పుడు పై సిలిండర్లకి ఆవిరి వదులుతాడు. ఆ ముక్కని వాళ్ళు ఏమని పిలుస్తారు?